రోడ్డు అంచు ఎవరిది? – ఫుట్‌పాత్ వివాదాల చరిత్ర

ఈ పాఠం చదవడం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఊరి మీదుగా పోయే పెద్ద రోడ్డు పక్కన, బస్టాండు నుంచి బడి వరకో అంగడి వరకో నడవండి. నడుస్తున్నప్పుడు ఎన్నిసార్లు తారు మీదికి ఎక్కవలసి వచ్చిందో, ఎందుకు ఎక్కవలసి వచ్చిందో ఒక కాగితం మీద రాసుకోండి. ఒకచోట నిలిపిన ట్రాక్టరు అడ్డం రావచ్చు. ఇంకోచోట హోటల్ ముందు వేసిన బెంచీ, మూత లేని మురికి కాలువ, కరెంటు స్తంభం, ఇసుక కుప్ప, పండ్ల బండి. ఆ కాగితాన్ని దగ్గర ఉంచుకోండి. రాజుల శాసనాలూ నాణేలూ మాత్రమే చరిత్రకు ఆధారాలు కావని మీరు ఇంతకుముందు చదివారు. రోడ్డు అంచు కూడా అటువంటి ఆధారమే. అక్కడ ఎవరు నిలబడగలిగారు, ఎవరు పక్కకు జరగవలసి వచ్చింది అన్నది ఊరికే తేలిన విషయం కాదు. దాని వెనుక కొన్ని చట్టాలు, కొన్ని కోర్టు తీర్పులు, ఎన్నో వాదనలు ఉన్నాయి.

జగిత్యాల జిల్లాలోని వెల్గటూర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. చరిత్ర విద్యార్థులకు ఈ పేరు కొత్త కాకపోవచ్చు. తొలి శాతవాహన రాజు సిముకుని నాణేలు దొరికిన కోటిలింగాల ఈ మండలంలోనే, గోదావరి ఒడ్డున ఉంది. కరీంనగర్ నుంచి చొప్పదండి, ధర్మారం మీదుగా వచ్చే రహదారి వెల్గటూర్ దాటి రాయపట్నం వైపు సాగుతుంది. అక్కడ అది నిజామాబాద్, జగిత్యాల, ధర్మపురి మీదుగా మంచిర్యాల వైపు పోయే 63వ నంబరు జాతీయ రహదారిని కలుస్తుంది. కాబట్టి వెల్గటూర్ వాసులకు ఇంటి ముందరి రోడ్డు ఒకే సమయంలో రెండు పనులు చేస్తుంది. దూరపు ఊళ్ళకు పోయే లారీకి అది రహదారి. బడికి పోయే పిల్లకు, పింఛను కోసం పోయే ముసలమ్మకు అదే వాడ. ఈ రెండు అవసరాలూ ఎదురుపడే చోటు రోడ్డు అంచు. తెలంగాణలో పెద్ద రోడ్డు మీద ఉన్న మండల కేంద్రాలన్నిటిదీ దాదాపు ఇదే పరిస్థితి.

తొవ్వ, బాట, సడక్

మాటలతో మొదలుపెడదాం. ఫుట్‌పాత్‌కు పుస్తకాల్లో ‘కాలిబాట’ అని రాస్తాం. కానీ ఊళ్ళో కాలిబాట అంటే చేల గట్ల మీద, చెరువు కట్ట వెంట, మనుషులు నడిచి నడిచి పడిన దారి. దానిని ఎవరూ వేయలేదు. కరీంనగర్ ప్రాంతంలో దానిని ‘తొవ్వ’ అంటారు. బండ్లు పోయేది బండ్ల బాట. గ్రామ పటంలో గుర్తించి ఉన్నది నక్ష బాట. దానిని ఎవరైనా దున్నుకుంటే ఇప్పటికీ తహసీల్దారు దగ్గర పంచాయితీ జరుగుతుంది. ఇక ‘సడక్’ అన్నది ప్రభుత్వం వేయించిన దారి. ఈ తేడా చిన్నది కాదు. తొవ్వ నడిచేవారిది. సడక్ సర్కారుది. సడక్ పక్కన నడిచేవారికి విడిగా చోటు కావాలన్న ఆలోచన మన ఊళ్ళలో పాతది కాదు. సడక్ మీద నడక ప్రమాదమైనప్పుడు మాత్రమే అది పుట్టింది. అందుకే ‘ఫుట్‌పాత్’ అన్న ఇంగ్లీషు మాటే వాడుకలో స్థిరపడింది. ఆ వస్తువుతో పాటే ఆ పేరూ వచ్చింది.

పాత ఇళ్ళ ముందు అరుగు ఉండేది. అది ఇంటివారి సొంతం, కానీ దారిన పోయేవారు కూర్చోవచ్చు. వాన వస్తే నిలబడవచ్చు. సాయంత్రం ఊరి ముచ్చట్లన్నీ అక్కడే. అరుగు సొంత స్థలమా, ఉమ్మడి స్థలమా అని అడిగితే పాతకాలం మనిషి మన వైపు వింతగా చూస్తాడు. సొంతం, సర్కారు అన్న రెండు గడుల్లో ఇమడని ఈ మధ్య స్థలం రోడ్డు విస్తరణలో మొదట పోతుంది. కొలత టేపు పట్టుకున్న ఉద్యోగికి అది ‘ముందుకు వచ్చిన కట్టడం’ మాత్రమే. ఇంటివారికి అది తాతల నాటి గడప. రోడ్డు పక్కన జరిగే వాదనల్లో సగం ఈ రెండు చూపుల మధ్య జరిగేవే.

పత్తర్‌గట్టి కమానుల కింద

నడిచేవారి కోసం ప్రభుత్వం ఆలోచించి, డబ్బు పెట్టి కట్టిన ఒక పాత ఉదాహరణ హైదరాబాద్‌లో ఉంది. దానిని కొంచెం వివరంగా చూడాలి.

హైదరాబాద్‌లో పురపాలన 1869లో, మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో మొదలైంది. నగరాన్ని నాలుగు భాగాలుగా, చాదర్‌ఘాట్ శివారును ఐదు భాగాలుగా విభజించారు. 1886లో చాదర్‌ఘాట్ వేరే అధికారి కిందికి వెళ్ళింది. ఈ తొలి పురపాలన శ్రద్ధ ఎక్కువగా రోడ్ల మరమ్మతు, పారిశుద్ధ్యం మీద ఉండేది. పెద్ద మార్పు 1908 సెప్టెంబరు 28న మూసీ వరద తరువాత వచ్చింది. ఆ వరదలో వేల మంది చనిపోయారు, వేల ఇళ్ళు కొట్టుకుపోయాయి. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహాల ఫలితంగా ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు వచ్చిన సంగతి మీకు తెలుసు. నగరంలోని ఇరుకు వాడలను, వీధులను, మురుగునీటి పారుదలను కూడా ఆయన పట్టించుకున్నాడు. 1911లో ప్లేగు కూడా నగరాన్ని పట్టి పీడించింది. 1912లో ‘సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు’ ఏర్పడింది. ప్లేగు తరువాత 1898లో బొంబాయిలో ఏర్పడిన ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు అప్పటికే ఇటువంటి సంస్థలకు ఒక నమూనాగా ఉంది.

ఈ బోర్డు చేసిన పనుల్లో పత్తర్‌గట్టి ఒకటి. మదీనా నుంచి చార్మినార్ వైపు నడిచినవారికి అది గుర్తుండే ఉంటుంది. రోడ్డుకు ఇరువైపులా నల్లరాతి దుకాణాల వరుస, వాటి ముందు రాతి కమానులు. ఆ కమానుల లోపల, దుకాణం గడపకూ రోడ్డుకూ మధ్య, నడవడానికి కప్పు ఉన్న దారి. ఎండలో వానలో కొనుగోలుదారు నీడన నడుస్తూ దుకాణాలు చూసుకోవచ్చు. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఊరికి ఇంతకంటే తగిన ఫుట్‌పాత్ ఇంకొకటి ఉండదని నా అభిప్రాయం. ఇప్పుడు మన పట్టణాల్లో రంగు రంగుల సిమెంటు పలకలు పరిచి, చెట్టు నీడ కూడా లేకుండా వదిలేస్తున్న ఫుట్‌పాత్‌లను దీనితో పోల్చి చూడండి.

అయితే ఇక్కడ చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న వేరు. ఈ రోడ్డు కోసం ఎవరిని అడిగారు? బోర్డు సభ్యులను ప్రజలు ఎన్నుకోలేదు. అది నిజాం ప్రభుత్వం నియమించిన సంస్థ. ఇరుకు వాడలు తొలగించిన చోట్ల కొందరికి కొత్త ఇళ్ళు కట్టించింది, అందుకు దానిని మెచ్చుకోవాలి. కానీ ఇటువంటి సంస్థల నివేదికల్లో కట్టిన ఇళ్ళ సంఖ్య, వెడల్పు చేసిన రోడ్ల పొడవు, ఖర్చు దొరుకుతాయి. ఇల్లు పోగొట్టుకున్నవాడు ఏమన్నాడో వాటిలో దొరకడం అరుదు. అధికారుల పత్రాలు చదివేటప్పుడు ఈ మౌనాన్ని కూడా చదవడం అలవాటు చేసుకోండి. నగరంలో మునిసిపల్ ఎన్నికలు మొదటిసారి 1934లో జరిగాయి. అప్పటికి బోర్డు పని మొదలై ఇరవై ఏళ్ళు దాటింది.

తరువాత పత్తర్‌గట్టి కమానులకు ఏమైంది? నడక దారిలోకి దుకాణాల సరుకు కొద్దికొద్దిగా జరిగింది. బయట చిన్న వ్యాపారులు చేరారు. రోడ్డు మీద మోటార్లు పెరిగాయి. కట్టిన ఫుట్‌పాత్ కూడా దానంతట అది నడిచేవారికి మిగలదు. ప్రతి తరమూ దాని కోసం మళ్ళీ వాదించవలసి వస్తుంది. ఆ పక్కనే చార్మినార్ చుట్టూ వాహనాలు రాకుండా చేసి, రాళ్ళు పరిచి, పాదచారులకు వదలాలన్న పథకం ఈ శతాబ్దం మొదటి సంవత్సరాల నుంచి నడుస్తూనే ఉంది. రాళ్ళు పరిచారు, వాహనాలను మళ్ళించారు. మరి అక్కడే బతుకుతున్న గాజుల, పండ్ల, బట్టల చిరువ్యాపారులు ఎక్కడికి పోవాలి అన్న ప్రశ్న దగ్గర పథకం పదే పదే ఆగింది. నడిచేవారికి కావలసిన చోటు, అమ్ముకునేవారికి కావలసిన చోటు ఒకటే కావడం ఇక్కడి చిక్కు.

మోటారు వచ్చాక

హైదరాబాద్ రాజ్యంలో 1932 జూన్‌లో నిజాం రైల్వే సంస్థ కింద ప్రభుత్వ బస్సు రవాణా మొదలైంది. అప్పటి బస్సులు 27. ఇరవయ్యో శతాబ్దం తొలి భాగంలో ప్రపంచమంతటా జరిగినదే ఇక్కడా, కొంత ఆలస్యంగా, జరిగింది. అంతవరకు రోడ్డు అందరిదీ. మనుషులు, బండ్లు, పశువులు, ఆడుకునే పిల్లలు అందరూ దాని మీదే. మోటారు వచ్చి మిగిలినవారిని అంచుకు నెట్టింది.

ఈ మార్పు ఎక్కడా వాదన లేకుండా జరగలేదు. అమెరికాలోని సిన్సినాటి నగరంలో 1923లో, కార్లు గంటకు 25 మైళ్ళకు మించి పోకుండా ఇంజనుకే కళ్ళెం బిగించాలని కోరుతూ 42,000 మంది సంతకాలు చేశారు. ఆ ప్రతిపాదన ఓటింగులో ఓడిపోయింది. కారు వ్యాపారులు దానికి వ్యతిరేకంగా గట్టి ప్రచారం చేశారు. రోడ్డుకు అడ్డంగా నడిచేవాడిని మొరటువాడిగా వెక్కిరించే ‘జేవాకర్’ అన్న మాట ఆ సంవత్సరాల్లోనే అక్కడ బాగా వ్యాపించింది. చరిత్రకారుడు పీటర్ నార్టన్ 2008లో వెలువరించిన ‘ఫైటింగ్ ట్రాఫిక్’ అన్న పుస్తకంలో ఈ కథ ఉంది. రోడ్డు మీద మనిషి చనిపోతే తప్పు బండిదన్న ఆలోచన, తప్పు నడిచేవాడిదన్న ఆలోచనగా ఎలా మారిందో ఆయన చూపాడు. ‘చూసుకుని నడవాలి కదా’ అని మన ఊళ్ళో ప్రమాదం జరిగినచోట వినిపించే మాటకు కూడా ఒక చరిత్ర ఉందన్నమాట.

మన దేశంలో రోడ్ల పాలనకు పునాది పడింది 1927లో ఎం.ఆర్. జయకర్ అధ్యక్షతన నియమించిన కమిటీతో. దాని సిఫారసులతో 1929లో కేంద్ర రోడ్డు నిధి, 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వచ్చాయి. 1943లో నాగపూర్‌లో సమావేశమైన ఇంజనీర్లు రోడ్లను జాతీయ రహదారులు, రాష్ట్ర రహదారులు, జిల్లా రోడ్లు, గ్రామ రోడ్లుగా వర్గీకరించారు. ఈ వర్గీకరణ మీకు పరీక్ష కోసం గుర్తుపెట్టుకునే విషయంగా కనిపించవచ్చు. కానీ వెల్గటూర్ వంటి ఊరికి దాని ఫలితం రోజూ కనిపిస్తుంది. ఊరి నడిమధ్యన పోయే రోడ్డు ఊరిది కాకుండా పోయింది అక్కడే. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం కూడా, గ్రామంలోని రోడ్లు పంచాయతీకి చెందుతాయని చెబుతూ, జాతీయ రహదారులను, రాష్ట్ర రహదారులను, జిల్లా, మండల పరిషత్తుల రోడ్లను మినహాయించింది.

అంటే తారు రోడ్డు రోడ్లు భవనాల శాఖది. దాని పక్కన మురుగు కాలువ శుభ్రం చేయవలసింది గ్రామ పంచాయతీ. స్తంభాలు విద్యుత్ సంస్థవి. నిలిపిన లారీని తీయించవలసింది పోలీసులు. రోడ్డు వెంట ఉన్న స్థలం హద్దులు రెవెన్యూ శాఖ చెప్పాలి. నడిచేవాడు ఈ ఐదుగురి మధ్యలోంచి పోవాలి. ఫుట్‌పాత్ గురించి అడిగినప్పుడు ఒక్కొక్కరూ ఇంకొకరి పేరు చెప్పడం అధికారుల సోమరితనం మాత్రమే కాదు. కాగితాల మీద వారు చెప్పేది చాలావరకు నిజం. రాజ్యాంగం 73వ, 74వ సవరణలతో చేరిన పదకొండవ, పన్నెండవ షెడ్యూళ్ళు తెరిచి చూడండి. రోడ్లు, వంతెనలు, వీధి దీపాలు, బస్టాపులు, పార్కింగు స్థలాలు కూడా ఉన్నాయి. ఫుట్‌పాత్ అన్న మాట రెండింటిలోనూ లేదు.

న్యాయస్థానాలలో

ఫుట్‌పాత్ సుప్రీంకోర్టుకు మొదట పెద్దగా వెళ్ళింది నడిచేవారి కోసం కాదు, దాని మీద పడుకునేవారి కోసం. 1981లో బొంబాయిలో ఫుట్‌పాత్‌ల మీది గుడిసెలను తొలగించాలని మహారాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. దాని మీద వేసిన ఓల్గా టెల్లిస్ కేసులో 1985 జూలై 10న తీర్పు వచ్చింది. జీవించే హక్కులో జీవనోపాధి కూడా భాగమన్న ప్రసిద్ధ సూత్రం ఈ తీర్పులోదే. పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఇక్కడితో ఆపుతాయి. తీర్పులో రెండో భాగం కూడా ఉంది. ఫుట్‌పాత్ ప్రజలు నడవడానికి ఉద్దేశించినది, దానిని ఆక్రమించే హక్కు ఎవరికీ లేదు, అయితే తొలగించే ముందు నోటీసు ఇవ్వాలి అని కోర్టు చెప్పింది. సూత్రం గుడిసెవారికి దక్కింది, స్థలం దక్కలేదు.

1989లో సోదన్ సింగ్ కేసులో, ఫుట్‌పాత్ మీద వ్యాపారం చేయడం కూడా రాజ్యాంగం ఇచ్చిన వృత్తి స్వేచ్ఛలో భాగమేనని, కాకపోతే ప్రభుత్వం దానిని తగినట్లు నియంత్రించవచ్చని కోర్టు అంది. పాతికేళ్ళ తరువాత 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. ప్రతి పట్టణంలో ఒక వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది వ్యాపారులు ఎన్నుకున్న ప్రతినిధులు, వారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. సర్వే చేసి, గుర్తింపు పత్రం ఇచ్చి, అమ్ముకునే చోట్లు నిర్ణయించే వరకు ఎవరినీ తొలగించకూడదు. ఇది మంచి చట్టం. కమిటీలో అధికారులు, ట్రాఫిక్ పోలీసులు, వర్తక సంఘాలు, కాలనీ సంక్షేమ సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు, బ్యాంకులకు చోటు ఉంది. నడిచేవారి ప్రతినిధి అన్న కుర్చీ మాత్రం లేదు. బహుశా ఎవరికీ తట్టకపోయి ఉండవచ్చు. అందరూ నడుస్తారు కాబట్టి నడిచేవాడు అన్న మనిషి విడిగా కనిపించడు.

ఇంకొక విషయం. ఈ చట్టం నగరాలకు, పురపాలక సంఘాలకు, నగర పంచాయతీలకు వర్తించేలా రాశారు. గ్రామ పంచాయతీగా ఉన్న మండల కేంద్రంలో, రోడ్డు పక్కన మిర్చి బజ్జీల బండి పెట్టుకున్న మహిళకు ఇందులోని రక్షణ అందదు. కరీంనగర్‌లో అదే బండి పెట్టుకుంటే అందుతుంది. చట్టం ఎక్కడ ఆగిపోతుందో గమనించడం చరిత్ర విద్యార్థి పనిలో భాగం.

నడిచేవారి వంతు 2025లో వచ్చింది. ఆ ఏడాది మే 14న న్యాయమూర్తులు అభయ్ ఎస్. ఓకా, ఉజ్జల్ భూయాన్‌ల ధర్మాసనం, అడ్డంకులు లేని ఫుట్‌పాత్ పొందడం రాజ్యాంగం 21వ అధికరణం కింద పౌరుల హక్కని చెప్పింది. వికలాంగులు కూడా వాడుకోగలిగేలా అది ఉండాలంది. రెండు నెలల్లో మార్గదర్శకాలు తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఇద్దరిలో రెండవవారు అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవారే. అదే కేసులో ఆ అక్టోబరులో మరికొన్ని ఆదేశాలు వచ్చాయి. ఓల్గా టెల్లిస్ తీర్పు నుంచి లెక్కిస్తే నలభై ఏళ్ళు. ఈలోగా ఏం జరిగిందో చెప్పడానికి ఒక సంవత్సరం లెక్క చాలు. కేంద్ర రవాణా శాఖ గణాంకాల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోగా, వారిలో 32,825 మంది పాదచారులు. సగటున రోజుకు తొంభై మంది.

ఊరి సభలో

ఇప్పుడు మీ జిల్లాకు తిరిగి వద్దాం. రోడ్డు గురించి జనం, అధికారులు ఎదురెదురుగా నిలబడిన సందర్భం జగిత్యాలలో ఇటీవలే ఉంది. 2023 జనవరిలో జగిత్యాల పురపాలక సంఘం ముసాయిదా మాస్టర్ ప్లాన్ మీద చుట్టుపక్కల గ్రామాల రైతులు రోడ్ల మీదికి వచ్చారు. తమ పొలాలను వేరే అవసరాలకు కేటాయించినట్లు పటంలో చూసి వారు ఆందోళన చేశారు. అదే సమయంలో కామారెడ్డిలోనూ ఇటువంటి ఆందోళనే జరిగింది. జనవరి 20న రెండు పురపాలక సంఘాలూ తీర్మానాలు చేసి ప్లాన్లను వెనక్కు తీసుకున్నాయి. స్థానిక సభకు బలం లేదనుకునేవారికి ఇది జవాబు. అయితే ఆ గెలుపు భూమి ఉన్నవారిది అన్న సంగతి కూడా గుర్తించాలి. వారికి పోయేదేమిటో సర్వే నంబరుతో సహా తెలుసు, కాబట్టి ఒక్కటయ్యారు. రోడ్డు అంచున నడిచేవారికి సర్వే నంబరు లేదు.

నడిచేవారు సంఘటితమైన సందర్భాలు లేకపోలేదు. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టే ప్రతిపాదన మీద 2016లో ఉదయపు నడకకు వచ్చేవారు నిరసన తెలిపారు. విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. మంచి పోరాటమే. కాకపోతే అక్కడ నడిచేవారిలో చాలామంది నడవడానికి కారులో వచ్చేవారు. కూలికి పోవడానికి నడిచేవారికి ట్రిబ్యునల్ దాకా పోయే తీరిక ఉండదు.

ఇక రోడ్డు మీద ఉన్న ఊళ్ళో ఫుట్‌పాత్ మాట వచ్చినప్పుడు సభ ఎలా నడుస్తుందో చూద్దాం. ఇటువంటి సభలు చూసినవారికి ఈ వాదనలు కొత్తగా ఉండవు. బడి పిల్లల తల్లిదండ్రులు ముందు మాట్లాడతారు. మొన్న ఫలానా చోట ఎవరికి దెబ్బ తగిలిందో చెబుతారు. రోడ్లు భవనాల శాఖ ఇంజనీరు రోడ్డు మధ్య గీత నుంచి ఇటు ఇన్ని అడుగులు, అటు ఇన్ని అడుగులు అని కొలత చెబుతాడు. మార్కింగ్ వేస్తే ఎవరి గోడ మీద పడుతుందో అని సభలో సగం మంది లెక్కేసుకోవడం మొదలుపెడతారు. దుకాణదారుడు అడుగుతాడు: ‘మెట్టు తీసేస్తే గిరాకీ లోపలికి ఎట్ల వస్తది సారూ?’ అతడు స్వార్థంతో మాట్లాడుతున్నాడని కొట్టిపారేయకండి. అప్పు తెచ్చి పెట్టిన దుకాణానికి ముందరి నాలుగు అడుగులే ప్రాణం. కాలువ మీద బండలు పరిస్తే అదే నడక దారి అవుతుంది కదా అని ఒకరు అంటారు. బండలు వేస్తే పూడిక ఎట్లా తీయాలి అని పంచాయతీ కార్యదర్శి అంటాడు. నిధులు ఏ పద్దు కింద వస్తాయన్న ప్రశ్న దగ్గర సభ ఆగుతుంది.

ఇందులో నిజంగా తేలవలసిన విషయం కొలత. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల సౌకర్యాల మీద 1988లో మార్గదర్శకాలు ప్రకటించింది, తరువాత 2012లోనూ 2022లోనూ సవరించింది. 2012 పాఠం ప్రకారం నివాస ప్రాంతాల్లో నడవడానికి అడ్డం లేకుండా కనీసం 1.8 మీటర్లు, వ్యాపార ప్రాంతాల్లో 2.5 మీటర్లు ఉండాలి. ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. 1.8 మీటర్లంటే సుమారు ఆరు అడుగులు, రెండు చక్రాల కుర్చీలు ఎదురెదురుగా వచ్చినా తప్పుకునేంత. ఎత్తు సంగతి చాలామంది పట్టించుకోరు. మన పట్టణాల్లో మోకాలి ఎత్తు ఫుట్‌పాత్‌లు ఎన్ని చూశామో! ఎక్కలేని ముసలివారు దాని పక్కన రోడ్డు మీదే నడుస్తారు. తరువాత ‘కట్టినా జనం వాడరు’ అన్న మాట అధికారుల నోట వస్తుంది.

కొలత తేలకుండా రోడ్డు వెడల్పు చేస్తే ఏమవుతుందో కూడా చూడాలి. వేములవాడలో రాజరాజేశ్వరస్వామి ఆలయానికి పోయే రోడ్డు విస్తరణ కోసం 2025లో ఇళ్ళు, దుకాణాలు తొలగించారు. ఎన్నో ఏళ్ళుగా వాయిదా పడుతూ వచ్చిన పని అది. ఆలయానికి వచ్చే భక్తులు చివరి దూరం కాలినడకన పోయేవారే కాబట్టి, అటువంటి చోట వెడల్పు చేసిన రోడ్డులో ఎన్ని అడుగులు నడకకు మిగిలాయన్నదే అసలు లెక్క. కరీంనగర్‌ను 2017 జూన్‌లో స్మార్ట్ సిటీల జాబితాలో చేర్చిన తరువాత ప్రధాన రోడ్లను కాలువలు, ఫుట్‌పాత్‌లతో సహా తిరిగి నిర్మించారు. మీరు కరీంనగర్‌కు పోయినప్పుడు అవి ఇప్పుడు ఎవరి వాడకంలో ఉన్నాయో చూసి రండి. పాఠం మొదట్లో రాసుకున్న కాగితం వంటిదే ఇంకొకటి తయారవుతుంది.

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం గ్రామసభ రెండు నెలలకు ఒకసారి జరగాలి. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల వరకు తెలంగాణ గ్రామాల్లో సర్పంచులు లేరు, ప్రత్యేకాధికారులు ఉన్నారు. దాదాపు రెండేళ్ళపాటు ఊరివారు తాము ఎన్నుకున్న మనిషిని నిలదీసే అవకాశం లేకపోయింది. ఇప్పుడు కొత్త పాలకవర్గాలు వచ్చాయి. గ్రామసభ తీర్మానాల పుస్తకం పంచాయతీ కార్యాలయంలో ఉంటుంది. మీ అసైన్‌మెంట్ కోసం గత ఐదేళ్ళ తీర్మానాలు చదవండి. రోడ్డు, కాలువ, లైటు, స్పీడ్ బ్రేకర్ అన్న మాటలు ఎన్నిసార్లు వచ్చాయో, నడక అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. సంతకాల్లో ఆడవారివి ఎన్నో చూడండి. తరువాత, అదే రోడ్డు పక్కన నలభై ఏళ్ళుగా ఉంటున్న ఒకరిని కలిసి, ఇంటి ముందు అరుగు ఎప్పుడు పోయింది, ఎవరు వచ్చి చెప్పారు, ఏమైనా కాగితం ఇచ్చారా అని అడగండి. వారు చెప్పింది వారి మాటల్లోనే, తేదీ వేసి, పేరు రాయకుండా నమోదు చేయండి.